తిరుపతి ఉక్కకూ, ఏసీ గదికీ ఏ దుప్పటి కొనాలి?

అమ్మా, మీ ప్రశ్న చదివాను. ఉండేది తిరుపతిలో. పోయిన కార్తీకంలో పెద్ద మింక్ రగ్గు కొన్నారు. ఏసీ 20లో పెట్టుకుని రగ్గు కప్పుకుంటే మొదట హాయిగానే నిద్ర పడుతోంది. అర్ధరాత్రి దాటాక మెడ కింద చెమట పట్టి మెలకువ వస్తోంది. తీసేస్తే వణుకు, కప్పుకుంటే ఉక్క. పొద్దున లేచాక వరసగా తుమ్ములు. ఇంట్లో ఎనిమిది నెలల పాప, షుగర్ ఉండి రాత్రుళ్ళు చెమటలు పడుతున్న అత్తగారు కూడా ఉన్నారు, అందరికీ పనికొచ్చే రకం ఒకటి చెప్పమన్నారు.

పరుపులు, దుప్పట్ల వ్యాపారంలో ఏళ్ళ తరబడి ఉన్నవాణ్ణి. ఇలాంటి ఇబ్బంది చెప్పుకుంటూ మా కొట్టుకు వచ్చేవాళ్ళు ప్రతి చలికాలం ఉంటారు. అందరికీ ఒకే రకం అనే ఆలోచన మాత్రం ముందు పక్కన పెట్టండి. మీ దంపతులకు కావలసింది వేరు, పెద్దావిడకు కావలసింది వేరు. పాపకైతే అసలు దుప్పటే వద్దు. ఎందుకో చెబుతాను.

మీ రగ్గులో లోపమేమీ లేదు. మింక్ అని అమ్మేది దాదాపు అన్నిచోట్లా పాలిస్టరే. మెత్తగా, బొచ్చుగా, బరువుగా ఉంటుంది. హర్యానాలోని పానిపట్టు మిల్లుల నుంచి దేశమంతా వెళుతుంది. ఉత్తరాదిలో పొడి చలి. రాత్రి నాలుగైదు డిగ్రీలకు పడిపోయే ఊళ్ళలో, ఏసీ అవసరమే లేని గదుల్లో అది బాగా పనిచేస్తుంది. మన తిరుపతి కొండ కింద, సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంది. సముద్రం కూడా మరీ దూరం కాదు. పైగా మనకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. అంటే రగ్గులు బయటికి తీసే నెలల్లోనే గాలిలో తేమ ఎక్కువ. మన ఊళ్ళో దుప్పటి కొనేవాళ్ళు ముందు చూడాల్సింది అది చెమటను ఎంత వదులుతుందని. వెచ్చదనం ఆ తర్వాతి సంగతి.

కొంచెం ఓపికగా చదవండి, ఈ ఒక్క విషయం తెలిస్తే కొట్లో ఎవరు ఏం చెప్పినా మీరే తేల్చుకోగలరు. ఏ దుప్పటీ తనంతట తాను వేడి పుట్టించదు. మన ఒంటి వేడిని పోగుల మధ్య చిక్కుకున్న గాలిలో పట్టి ఉంచుతుంది, అంతే. నిద్రవేళకు ఒంటి లోపలి వేడి మెల్లగా తగ్గడం మొదలవుతుంది. తెల్లవారేలోపు సుమారు ఒక డిగ్రీ దాకా పడిపోతుంది. అలా తగ్గడానికి చేతుల్లో, పాదాల్లో రక్తనాళాలు విచ్చుకుని వేడిని చర్మం మీదుగా బయటికి పంపుతాయి. ఆ వేడికి దారి దొరికితేనే నిద్ర గాఢంగా సాగుతుంది. దారి మూసేస్తే ఒళ్ళు చెమట పట్టిస్తుంది. ఆ చెమట ఎక్కడికి పోవాలి? మామూలు తేమ ఉన్న గాలిలో నూలు తన బరువులో ఏడెనిమిది శాతం తేమను పట్టుకోగలదు, ఉన్ని దానికి దాదాపు రెట్టింపు పట్టుకుంటుంది. పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. అందుకే మింక్ కింద చెమట మీ ఒంటి మీదే నిలిచిపోతుంది. మీరు రగ్గు పక్కకు తోయగానే 20 డిగ్రీల ఏసీ గాలి ఆ తడి ఒంటికి తగిలి వణుకు పుడుతుంది. మీరు రాత్రంతా పడుతున్న అవస్థ ఇదే.

ఇంకో సంగతి. కలలు ఎక్కువగా వచ్చే నిద్ర తెల్లవారుజాము వైపు ఎక్కువ ఉంటుంది. ఆ నిద్రలో శరీరం తన వేడిని తాను సర్దుకునే పని బాగా తగ్గిస్తుంది. బయట చలి కూడా సూర్యోదయానికి కాస్త ముందే బాగా ఎక్కువ. అంటే పడుకునేటప్పుడు ఒక రకం కప్పు కావాలి, నాలుగు గంటలప్పుడు ఇంకో రకం కావాలి. ఒకే మందపాటి రగ్గు ఈ రెండు పనులూ చేయలేదు. రెండు పలచటివి చేస్తాయి.

కాబట్టి ముందు ఏసీ సంగతి. 24లో పెట్టి, ఫ్యాను తక్కువ స్పీడులో తిప్పండి. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలు ఆన్ చేయగానే 24తో మొదలయ్యేలా నిబంధన పెట్టారు, కరెంటు ఆదా కోసం. నిద్రకు కూడా ఆ అంకె మంచిదేనని నా అనుభవం. 20లో పెట్టి నాలుగు కిలోల రగ్గు కప్పుకోవడమంటే ఒక చేత్తో చల్లబరిచి ఇంకో చేత్తో వేడి చేయడమే.

ఆ 24 డిగ్రీల గదికి మీ ఇద్దరికీ నేను చెప్పేది దోహర్. పలచటి మల్ నూలు గుడ్డను మూడు పొరలుగా వేసి అంచులు కలిపి కుట్టింది. పొరల మధ్య నిలిచే గాలే వెచ్చదనం ఇస్తుంది, గుడ్డ అంతా నూలే కాబట్టి చెమటా పోతుంది. దాని మీదికి తెల్లవారుజాము కోసం ఒక నేత చద్దరు, కాళ్ళ దగ్గర మడిచి పెట్టుకోండి. సోలాపూర్ చద్దరు దీనికి బాగా ఉంటుంది. మందంగా ఉన్నా నేతలో సందులు ఉంటాయి, అంచు గట్టిగా ఉంటుంది, ఎన్ని ఉతుకులకైనా ఆగుతుంది. అంత మందం వద్దనుకుంటే ఈరోడ్ దగ్గరి చెన్నిమలై మగ్గాల నూలు దుప్పట్లు చూడండి. మనకు తమిళనాడు పక్కనే కాబట్టి తిరుపతి, చిత్తూరు, పుత్తూరు బట్టల కొట్లలో ఆ సరుకు ఎప్పుడూ ఉంటుంది. ఆప్కో, కో-ఆప్టెక్స్ షోరూముల్లో చేనేత దుప్పట్లు దొరుకుతాయి, అక్కడ నూలు పేరుతో పాలిస్టర్ అంటగడతారన్న భయం తక్కువ.

మీరూ మీవారూ ఒకే డబుల్ రగ్గు పంచుకోవడం కూడా మానేసి చూడండి. ఒకరికి చలి, ఒకరికి ఉక్క అన్నది ప్రతి ఇంట్లో ఉన్నదే. ఒకరు తిరిగితే ఇంకొకరి మీద నుంచి రగ్గు జారిపోతుంది. రెండు సింగిల్ దోహర్లు కొనండి. సింగిల్ అంటే సాధారణంగా 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు. మీవారు ఆరడుగుల మనిషైతే 90 సరిపోతుందిగానీ, కొత్త నూలు గుడ్డ మొదటి ఉతుకులో కాస్త కుంచించుకుపోతుంది. కొట్లోనే విప్పి కొలవండి, లేబుల్ మీది కొలత నమ్మొద్దు.

బొంత గురించి మీరు అడగలేదుగానీ చెప్పాలి, ఎందుకంటే మీ ఇంట్లోనే ఒకటి ఉండి ఉండవచ్చు. మన సీమలో అవ్వలు పాత చీరలు పొరలుగా పేర్చి దగ్గర దగ్గరగా కుట్టిన బొంతకు మించిన పడక ఈ వాతావరణానికి లేదు. అదీ దోహర్ లాంటిదే, ఇంకాస్త దిట్టం. ఏళ్ళ తరబడి ఉతికి మెత్తబడిన నూలు చీరలు కాబట్టి ఒంటికి గుచ్చుకోదు, చెమట పీలుస్తుంది. కానీ ఇప్పుడు బొంతలు కుట్టించుకునేవాళ్ళు ఇంట్లో ఉన్న పాత చీరలన్నీ ఇచ్చేస్తున్నారు. వాటిలో సగానికి పైగా సింథటిక్ చీరలే. పైన ఒక నూలు చీర, లోపల మూడు సింథటిక్ చీరలు పెట్టి కుట్టిన బొంత చూడ్డానికి బొంతే, కప్పుకుంటే మీ మింక్ రగ్గే. కుట్టించుకుంటే చీరలు మీరే ఏరి ఇవ్వండి. నూలు చీరలు తక్కువైతే పంచెలు, పాత దుప్పట్లు కలపండి.

ఇక కంబళి, కొన్ని చోట్ల గొంగళి అంటారు. దక్కను నల్ల గొర్రెల ఉన్నితో కురుబలు నేసేది, చింతగింజల గంజి పెట్టి గట్టిపరిచేది. వానలో మంద వెంట తిరిగేవాడికీ, రాత్రి చేను కాపలాకు పోయేవాడికీ దాన్ని మించింది లేదు. పలమనేరు, కుప్పం, మదనపల్లె వైపు పీఠభూమి మీద మన కన్నా ఐదారు వందల మీటర్ల ఎత్తు ఎక్కువ. హార్స్లీ హిల్స్ అయితే 1,200 మీటర్లకు పైనే. అక్కడ జనవరి రాత్రులకు కంబళి న్యాయమైన కప్పు. నేరుగా ఒంటికి తగిలితే గరుకు, కింద ఒక నూలు దుప్పటి ఉండాలి. మీ తిరుపతి ఏసీ గదికి మాత్రం అక్కర్లేదు. తుమ్ములున్న మనిషికి అసలే వద్దు.

కంఫర్టర్ అని అమ్మేవాటిలో ఎక్కువ శాతం లోపల పాలిస్టర్ దూదే. పైగుడ్డ నూలైతే కొంత నయం. గ్రాములు చూడండి. చదరపు మీటరుకు 150 ప్రాంతంలో ఉన్నది ఏసీ గదికి సరిపోతుంది, 300 దాటినది మనకు పనికిరాదు. జైపూర్ రజాయి అసలు నూలు దూదితో ఉంటే తేలిగ్గా, వెచ్చగా బాగుంటుంది. ఉతకడమే కష్టం, లోపలి దూది ఉండ కడుతుంది. పైన గలీబు వేసుకుని గలీబు మాత్రం ఉతుక్కోవాలి, రజాయిని ఎండలో వేయాలి. వెదురు దుప్పట్లని ఆన్‌లైన్‌లో కనిపించేవి చాలావరకు వెదురు గుజ్జు నుంచి తీసిన విస్కోస్. చల్లగా, జారుగా ఉంటాయి, చెమటా బాగా పీలుస్తాయి. తడిసినప్పుడు పోగు బలహీనమవుతుంది, గట్టిగా పిండకూడదు. ఇక గాజుపూసలు నింపిన బరువు దుప్పట్లు ఇప్పుడు బాగా ప్రచారంలో ఉన్నాయి. మన ఒంటి బరువులో పదో వంతు బరువున్నది తీసుకోమంటారు. ఆందోళనతో నిద్ర పట్టనివాళ్ళలో కొందరికి ఆ బరువు ఊరట ఇస్తుంది. మన ఉక్కలో మాత్రం దాన్ని రాత్రంతా భరించడం కష్టం. ఊపిరి ఇబ్బంది, గురకలో ఊపిరి ఆగే జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా వాడకూడదు. చిన్నపిల్లలున్న మీ ఇంట్లో వద్దు.

కొట్టుకు వెళ్ళినప్పుడు ఏం చేయాలో చెబుతాను. చేత్తో నిమిరి కొనకండి. మెత్తదనం చూసి కొనేవాళ్ళే ఎక్కువగా మోసపోతారు, ఎందుకంటే పాలిస్టర్ బొచ్చు అన్నిటికన్నా మెత్తగా ఉంటుంది. దుప్పటిని ఒక పొరగా తీసి నోటికి ఆనించి గట్టిగా ఊదండి. అవతలి పక్క పెట్టిన అరచేతికి ఊపిరి తగలాలి. నూలు నేతలో స్పష్టంగా తగులుతుంది, దట్టమైన మింక్‌లో తగలదు. తర్వాత వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. నేత అంతటా ఒకేలా ఉండాలి. ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా ఉంటే అది నాలుగు ఉతుకుల్లో అక్కడే చిరుగుతుంది. వేలి కొనతో ఒక్క నీటి చుక్క వేయండి. శుద్ధ నూలైతే కాసేపట్లో లోపలికి ఇంకుతుంది. కొత్త గుడ్డకు గంజి ఉంటే కొంచెం ఆలస్యమవుతుంది, అది లోపం కాదు. చుక్క ముత్యంలా పైనే నిలబడితే అనుమానించండి. దోహర్ అయితే అంచు కుట్టు ఒక్కటే కాకుండా మధ్యలో కూడా అక్కడక్కడ కుట్టు ఉందో లేదో చూడండి. లేకపోతే ఉతికినప్పుడు లోపలి పొర ముడుచుకుని ఒక మూలకు చేరుతుంది.

ఇంటికి తెచ్చాక కూడా సందేహం తీరకపోతే అంచున ఒక పోగు లాగి, సింకు దగ్గర పట్టకారతో పట్టుకుని అగ్గిపుల్లతో వెలిగించండి. నూలు కాగితం కాలినట్టు కాలి మెత్తటి బూడిద రాలుతుంది. ఉన్ని వెంట్రుక కాలిన వాసన వేస్తుంది, మంట తీయగానే ఆరిపోతుంది. పాలిస్టర్ కరిగి, చల్లారాక గట్టి నల్లపూస అవుతుంది. ‘వూలెన్’ అని కొన్న దుప్పటి పోగు నల్లపూస అయితే అందులో ఉన్నది సింథటిక్ అన్నమాట. బిల్లు జాగ్రత్తగా ఉంచుకుని వెళ్ళి మార్చుకోండి.

మీ తుమ్ముల మాటకొస్తే, రగ్గు కొన్నప్పటి నుంచి ఒక్కసారైనా ఉతికారా? మీరు రాయలేదుగానీ ఉతికి ఉండరనే అనుకుంటున్నాను, ఎవరూ ఉతకరు. తడిస్తే మామూలు మెషీన్ మోయలేని బరువు అది. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టును తిని బతికే కంటికి కనిపించని ధూళి పురుగులు ఉంటాయి. తేమ, వెచ్చదనం ఉన్న పడక వాటికి ఇల్లు. వాటి మలమే చాలామందికి పొద్దుటి తుమ్ములు, ముక్కు కారడం తెస్తుంది. అవి చావాలంటే 55, 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతకాలి. నూలు దుప్పట్లకు ఆ వేడి ఫర్వాలేదు, ఉన్నికి వద్దు, కుంచించుకుపోతుంది. ఒంటికి తగిలే దుప్పటిని వారానికోసారి ఉతకండి. దోహర్ చెప్పడానికి ఇదీ ఒక కారణం, ఇంట్లోని మెషీన్‌లో హాయిగా పడుతుంది. వానల్లో కూడా ఫ్యాను కింద వేస్తే తొందరగానే ఆరుతుంది. అక్టోబరు, నవంబరుల్లో తుఫాను పట్టి నాలుగు రోజులు ఎండ లేనప్పుడు మందపాటి రగ్గు ఉతికారంటే అది ముక్కవాసన పట్టడం ఖాయం. అలాంటివి దసరాకు ముందే ఉతికి ఎండబెట్టి పెట్టుకోవాలి, మళ్ళీ సంక్రాంతి తర్వాత. బీరువాలో నాఫ్తలిన్ ఉండలు వేయకండి. కొందరు పిల్లలకు పుట్టుకతో జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉంటుంది, ఆ వాసన పట్టిన బట్టలు వాళ్ళ రక్తకణాలను దెబ్బతీస్తాయి. మీ ఇంట్లో పాప ఉంది. నీడన ఎండబెట్టిన వేపాకు గుడ్డలో మూటకట్టి పెట్టండి చాలు.

పాప గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. ఏడాది నిండని బిడ్డ పడుకునే చోట విడిగా ఉన్న దుప్పటి, దిండు, మెత్తటి బొమ్మ ఏవీ ఉండకూడదు. ముఖం మీదికి జారితే తీసుకునే శక్తి బిడ్డకు ఉండదు, ఊపిరాడదు. మీ మంచం మీదే మీ మధ్య పడుకోబెడుతుంటే మీ రగ్గు పాప మీదికి రావడానికి ఒక్క నిమిషం చాలు. గట్టి పరుపున్న ఉయ్యాలో, తొట్టిలో వెల్లకిలా, మీ మంచం పక్కనే వేరుగా పడుకోబెట్టండి. చలికి దుప్పటి బదులు చేతులు బయటికి వచ్చేలా ఉండే నూలు స్లీపింగ్ సాక్ తొడగండి, జిప్పు ఉండి మెడ దగ్గర బిగుతు లేనిది. లేదంటే మీరు వేసుకున్న దానికన్నా ఒక పొర ఎక్కువ బట్టలు చాలు. చేతులూ కాళ్ళూ చల్లగా ఉన్నాయని పెద్దవాళ్ళు కంగారుపడతారు. పిల్లలకు అవి చల్లగా ఉండటం మామూలే. మెడ వెనకా, రొమ్ము మీదా చేయి పెట్టి చూడండి. అక్కడ వెచ్చగా, పొడిగా ఉంటే సరిపోయింది. చెమ్మగా ఉంటే ఒక పొర తీసేయండి. ఇంట్లో పడుకునేటప్పుడు తలకు టోపీ వద్దు, పిల్లల ఒంట్లో ఎక్కువైన వేడి తల నుంచి కూడా పోతుంది. ఏసీ గాలి నేరుగా తొట్టి మీదికి రాకుండా చూసుకోండి.

అత్తగారి విషయంలో బరువే ముఖ్యం. షుగర్ చాలాకాలంగా ఉన్నవాళ్ళకు పాదాల్లో నరాలు దెబ్బతిని కొందరికి మంటలు, కొందరికి మొద్దుబారడం ఉంటుంది. మంటలుంటే రగ్గు తగిలినా ఓర్చుకోలేరు. అలాంటివాళ్ళకు మెత్తటి పాత నూలు దుప్పటి, పాదాలు బయటికి ఉంచుకునేలా. మొద్దుబారి ఉంటే వేడినీళ్ళ సంచి, కరెంటు దుప్పటి దగ్గరికి కూడా రానివ్వకండి. కాలినా తెలియదు, పుండు పడ్డాక తెలుస్తుంది, అది మానడం చాలా కష్టం. చలి అంటే వదులుగా ఉండే నూలు సాక్సులు తొడగండి, లోపల కుట్టు గుచ్చుకోకుండా చూసి. ఒంటి మీదికి ఒక మెత్తటి ఉన్ని శాలువా, కింద నూలు దుప్పటి సరిపోతాయి. వాళ్ళ గదిలో ఏసీ లేకపోతే తిరుపతిలో ఏడాదిలో పది నెలలు ఆ శాలువా కూడా అక్కర్లేదు.

ఆవిడకు కూడా రాత్రుళ్ళు చెమటలు పడుతున్నాయని రాశారు, దాన్ని మీ చెమటతో కలిపి చూడకండి. ఇన్సులిన్ గానీ, షుగర్‌ను బాగా తగ్గించే మాత్రలు గానీ వాడేవాళ్ళకు నిద్రలో షుగర్ పడిపోయినా ఇలాగే చెమటలు పడతాయి, గుండె దడ, పీడకలలు, పొద్దున తలనొప్పి ఉంటాయి. ఈసారి అలా చెమట పట్టినప్పుడు దుప్పటి సర్ది ఊరుకోకుండా గ్లూకోమీటరుతో వెంటనే చూడండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు, నాలుగు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, పావుగంటకు మళ్ళీ చూడండి. మగతగా ఉండి మింగలేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. షుగర్ పడిపోతున్నట్టు తేలితే ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, ఏ రాత్రి ఎంత ఉందో రాసిన కాగితం చూపించండి. దుప్పట్లు ఆ తర్వాత కొనొచ్చు.